తొలి గంప

మా నాయిన నవ్వుతూ దిగిన ఫోటో ఒక్కటే ఉంది. అది ఆయన ఓడిపోయిన కేసు ఫైలులో ఉంది. దీని గురించి రాయాలని ఎన్నిసార్లు కూర్చున్నానో అన్నిసార్లూ నాలుగు వాక్యాలు కాకముందే ఒళ్లు మండి లేచిపోయాను. ఆ మంటలో సగం చిన్న పటేలు మీద, మిగతా సగం నా మీదే. ఈసారి లేవకుండా రాస్తాను.

మాది పాలమూరు. పొద్దున లేచి వాకిట్లో నిలబడితే అమ్రాబాద్ గుట్టలు కనిపించే ఊరు. మండలం పేరు మాత్రం చెప్పను. చెప్తే ఇంకా నౌకర్లలో ఉన్న ఒకరిద్దరికి కోపం వస్తుంది, నాకు మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక లేదు. మా ఇంట్లో తాతల నాటి నుంచి సెంటు భూమి లేదు. అమ్మానాయినలు పెళ్లయిన నెలకే మేస్త్రీ వెంట బొంబాయి దిక్కు మట్టిపనికి పోయారు. కాలువలు తవ్వారు, కట్టలు పోశారు, ఎవరి చేన్లకో నీళ్లు పారించి వచ్చారు. నన్ను నాయనమ్మ పెంచింది. నేను ఆరో తరగతిలో ఉండగా, అన్నేళ్లు కడుపు కట్టుకుని మిగిల్చిన దాంతో మా ఊరి పెద్ద పటేలు దగ్గర మూడెకరాల చెలక కొన్నారు. చెలక అంటే వాన పడితేనే పండే ఎర్రనేల. మాదాంట్లో సగం నేల, సగం రాళ్లు.

మా దిక్కు అప్పుడు భూమి అమ్మకమంటే తెల్లకాగితమే. సాదా బైనామా అంటారు. ఎవరి భూమి, ఎవరికి అమ్మారు, నాలుగు దిక్కుల హద్దులేమిటి రాసి, అమ్మినవాళ్లు సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులు వేలిముద్ర వేస్తే అయిపోయింది. రిజిస్ట్రేషన్ చేయించమని అడిగితే అమ్మినవాణ్ణి దొంగ అన్నట్టే. పెద్ద పటేలు ముందు నిలబడి ఆ మాట అనే ధైర్యం మా ఊళ్లో ఎవరికీ లేదు, మా నాయినకు ఆ ఆలోచనే లేదు. మధ్యలో సర్కారు ఒకసారి, తెల్లకాగితాల మీద కొన్నవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే పట్టా చేసిస్తామన్నదట. అప్పుడు అమ్మానాయినలు ఎండాకాలం కూలికి పోయి పుణేలో రాళ్లు మోస్తున్నారు.

కాగితం రాసుకున్న రోజు నేనూ ఉన్నాను, అరుగు కింద. పెద్ద పటేలు భార్యను ఊరంతా దొరసాని అనేది. ఆమె అరుగు మీద కూర్చుని గద్వాల చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. కూతురి పెళ్లికో దేనికో అమ్మక తప్పలేదు వాళ్లకు.

"గా చెలుకల పల్లికాయ మస్తు తియ్యగుంటుండె," అంది ఆమె. "ఇగ మా నోటికి రాదు."

మా నాయిన గుండె వెన్న. తలకున్న రుమాలు తీసి చేతిలో పట్టుకుని, ఎవరూ అడగకుండానే అన్నాడు: "ఎందుకు రాదు దొరసానీ? ఏటా తొలి గంప మీ ఇంటికే తెస్త. మేం నోట్లె వెట్టకముందే తెస్త."

ఏటా తెచ్చాడు. దసరాకూ దీపావళికీ మధ్య పల్లి పీకుతాం మేము. మొదటి రోజు పీకిన చెట్ల కాయ దులిపి, మన్ను కడిగి, గంప నిండా పోసి నాయిన తలమీద పెట్టుకుని పోయేవాడు. దొరసాని ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని "మంచిగున్నయిరా" అనేది. ఆ ఒక్క మాట కోసమే పోయేవాడని నా అనుమానం. అరుగు చూరులో మాలాంటి వాళ్ల కోసం వేరే గ్లాసు దోపి ఉండేది, అందులో సల్ల పోసేవారు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపి వచ్చేవాడు.

అమ్మ మాత్రం ఏటా గొణిగేది. "పైకం ఇచ్చి కొన్న భూమి గాదా? మల్ల గీ మోత ఏందయ్యా?"

"మాటిచ్చిన గదనే," అనేవాడు.

ఆ చెలకలో వాళ్లిద్దరూ ఏరిన రాళ్లకు లెక్కలేదు. బొంబాయిలో నేర్చిన పనే గదా. పడమటి గట్టు పొడుగునా నా నడుమెత్తు గోడ పేర్చారు. బడి లేని రోజు నేనూ మోశాను, నా ఎడమ చేతి చూపుడువేలు గోరు ఆ గోడ కిందే పోయింది. కొత్తగా వచ్చిన గోరు ఇప్పటికీ వంకరే.

తర్వాత పెద్ద పటేలు పోయాడు. ఆయన కొడుకు, చిన్న పటేలు, హైదరాబాద్ నుంచి వచ్చి ఊళ్లో కుదురుకున్నాడు. అదే రోజుల్లో మా రాష్ట్రం మాకు కావాలన్న మాట ఊరూరా అంటుకుంది. నేను నాగర్‌కర్నూల్‌లో డిగ్రీ చదువుతున్నాను. కాళ్లకు గజ్జెలు కట్టి, భుజాన గొంగడి వేసి ఉద్యమం ధూంధాం సభల్లో పాడేదాన్ని. నీళ్లు మనవి, నేల మనది, నౌకర్లు మనవి. వలస పోయిన కూలీల బిడ్డను, నాకు ఆ మాట ఒకరు నేర్పాలా? పాడుతుంటే ఒళ్లు పులకరించేది, అబద్ధమెందుకు. మండలంలో ఉద్యమానికి పెద్ద ఎవరయ్యా అంటే చిన్న పటేలు. మైకు పట్టాడంటే గుట్టలు మారుమోగేవి. ఉద్యమం వచ్చాక మా నాయిన ఆ ఇంట్లో 'ఒరేయ్' నుంచి 'కాకా' అయ్యాడు. చూరులో గ్లాసు మాయమై లోపలి గ్లాసులో చాయ వచ్చింది. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను నేను.

ఇంతలో మా దిక్కు లిఫ్టు కాలువ వస్తుందని సర్వే వాళ్లు తిరగడం మొదలైంది. రేటు లేని చెలకలకు రేటొచ్చింది. అమ్మకు నిద్ర పట్టలేదు. "పట్టా మన పేర్న లేదు. ఎంతకాలం గీ తెల్లకాగితం వట్టుకోని కూసుందం?" అని పోరింది. సరేనని నాయినా నేనూ చిన్న పటేలు దగ్గరికి పోయాం. నేను వెంట ఉన్నానన్న ధైర్యంతోనే నాయిన నోరు తెరిచి అడిగాడు.

చిన్న పటేలు కోపం చేసుకోలేదు. మా నాయిన భుజం మీద చెయ్యి వేశాడు.

"చేస్త కాకా, చెయ్యనంటనా? గాని ఇప్పుడు చేస్తే స్టాంపుల పైసలు ఎవని ఖజానాకు పోతయ్? మన మన్ను మన చేతుల్ల మారెటందుకు గీ సర్కారుకు సుంకం గట్టాల్నా? ఢిల్లీల మాటయింది. ఒక్క యేడు ఆగు. మన రాష్ట్రం రానియ్యి. మొదటి రోజు, మొదటి రిజిస్ట్రేషన్ నీదే." తర్వాత నా దిక్కు తిరిగాడు. "ఏం చెల్లె, నువ్వు చెప్పు. నేను తప్పు మాట్లాడుతున్ననా?"

నన్ను అడిగాడు. మండలానికి పెద్ద నన్ను అడిగాడు! గాలిలో తేలిపోయాను. "కరెక్టే అన్న," అన్నాను.

ఇంటికొచ్చి నాయినకు నేనే మళ్లీ పాఠం చెప్పాను. "ఒక్క యేడు ఆగు నాయినా. గింత కాలం ఆగినం. మన రాష్ట్రంల, మన ఆఫీసుల, మన చేత్తోని రాయించుకుందం." ఆయన నా ముఖంలోకి చూసి, చదువుకున్న బిడ్డ చెప్తోంది గదా అని తలూపాడు.

వారం తిరక్కుండానే చిన్న పటేలు కబురు పెట్టాడు. ఆ కాగితం తెచ్చియ్యండి, దస్తావేజులు రాసేటాయనకు చూపించి ముందే అన్నీ తయారు పెట్టిస్త, రాష్ట్రం రాంగనే సంతకమొక్కటే అని. కాగితం మా ఇంట్లో రేకు పెట్టెలో, అమ్మ పెళ్లిచీర మడతలో ఉండేది. అమ్మ పెట్టె మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంది. "ఇయ్యకుండ్రి. నా మాట ఇనుండ్రి," అంది. ఆ చెయ్యి తీసింది నేను. "నీకేం తెల్వదు, ఊకో అమ్మా," అని తీసి, కాగితం మడిచి, సైకిలెక్కి పోయి చిన్న పటేలు చేతికిచ్చి వచ్చాను. నేను రోజూ బస్సు దిగే చోట ఎదురుగానే జిరాక్సు దుకాణం ఉండేది. నా పాటల కాగితాలు ఎన్ని తీయించలేదు అక్కడ! దీన్ని తీయించాలని తట్టలేదు.

ఏడాది పోయింది. ఇంకో ఏడాది పోయింది. రాజీనామాలయ్యాయి, ఎన్నికలయ్యాయి, మళ్లీ ఎన్నికలయ్యాయి. ఏటా తొలి గంప పోతూనే ఉంది. ఏటా మా నాయిన రుమాలు చేతిలో పట్టుకుని "పటేలా, మనది..." అనేవాడు. "ఇగ వచ్చినట్టే కాకా," అని జవాబు వచ్చేది. ఐదేళ్లు అట్లానే గడిచాయి. నా చదువైపోయి నేను ప్రైవేటు బళ్లో టీచర్నయ్యాను.

రెండువేల తొమ్మిది ఎండాకాలంలో ఒకరోజు నాయిన దుక్కి కోసం పోయేసరికి మా చెలకలో జీపు ఆగి ఉంది. గొలుసు పట్టి కొలుస్తున్నారు. మేం పేర్చిన గోడలోంచి రాళ్లు తీసి, సున్నం పూసి హద్దురాళ్లుగా పాతుతున్నారు. జీపు పక్కన నిలబడ్డ వనపర్తి కాంట్రాక్టరు మర్యాదగానే మాట్లాడాడట. రిజిస్టరయిన కాగితాలు చూపించి, "పట్టాదారు అమ్మిండు, నేను కొన్న. నువ్వెవరు పెద్దమనిషీ?" అని అడిగాడట.

నాయిన పరుగున చిన్న పటేలింటికి పోయాడు. వెనక నేనూ పోయాను. చిన్న పటేలు పేపరు చదువుతున్నాడు.

"నీకు కౌలుకిచ్చిన భూమే గద కాకా," అన్నాడు, కళ్లు పేపర్లోంచి తీయకుండా. "జర అవసరం వడి అమ్ముకున్న. గీ యేడు వేరే కాడ ఇప్పిస్తలే, పరేషాన్ గాకు."

"కాగితం?" అన్నాను నేను.

"ఏం కాగితం చెల్లె?"

స్టేజీలెక్కి అంత గొంతు చించుకున్నదాన్ని, ఆ అరుగు ముందు ఒక్క మాట రాలేదు.

మా ఉద్యమం వాళ్ల దగ్గరికి పోయాను. భూమి పోయిందంటే మనవాళ్లు కదలరా అనుకున్నాను. ఒకరు వెంటనే లేచారు. "కొన్నది ఆంధ్రోడా?" అని అడిగారు. కాదు, వనపర్తాయన అన్నాను. లేచినాయన మళ్లీ కూర్చున్నాడు. "మనోడే గద. మనం మనం కూసోని మాట్లాడుకుందం. గిప్పుడు గిది బయట వెడితే ఉద్యమానికే చెడ్డపేరు చెల్లె, జర ఆగు," అన్నాడు. మళ్లీ ఆగుడే! ఆ రోజు నా గజ్జెలు అక్కడే బల్ల మీద పెట్టి వచ్చాను. తర్వాత ఎవరూ తెచ్చివ్వలేదు, నేనూ అడగలేదు.

మండలాఫీసులో దరఖాస్తు పెట్టాం. తెల్లకాగితం మీద సాక్షులుగా వేలిముద్ర వేసిన ఇద్దరిలో ఒకాయన చనిపోయాడు. రెండో ఆయన చిన్న పటేలు పాలేరు. వచ్చి నిలబడి "నాకేం తెల్వదు సార్" అని నేల చూసుకుంటూ పోయాడు. ఆయన్ని తిట్టాలని ఉన్నా తిట్టలేను, ఆయన గుడిసె కూడా పటేలు జాగాలోనే ఉంది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో ఏటా రాసే పహాణీలో కొన్నేళ్లు మా నాయిన పేరుంది. ఓనరుగానా, కౌలుదారుగానా అన్నదే పేచీ.

అధికారి చెడ్డవాడేం కాదు. మంచినీళ్లు తెప్పించాడు, నాయినను కుర్చీలో కూర్చోమన్నాడు. అడిగాడు: "పట్టాదారుకు ఏటా పంటలోంచి ఏమన్నా ఇచ్చేవాడివా?"

నేను పక్కనుంచి నాయిన మోచెయ్యి నొక్కాను. ఆయన నా దిక్కే చూడలేదు. ముఖం వెలిగిపోయింది. ఇంతసేపటికి ఆయనకు తెలిసిన సంగతి ఒకటి అడిగారు మరి.

"ఇస్తుంటి సార్! ఒక్క యేడు గూడ తప్పలే. కరువు యేడు గూడ తీస్కపోయిన. మేం నోట్లె వెట్టకముందే."

"అది కౌలు కాదు సార్, మర్యాదకు ఇచ్చింది," అని నేను అరిచాను. గుమస్తా అప్పటికే రాసేశాడు: పట్టాదారునకు ప్రతి సంవత్సరం పంటలో భాగం ఇచ్చుచున్నానని ఒప్పుకున్నాడు. చదివి వినిపించి వేలిముద్ర అడిగారు. నాయిన వేశాడు. అందులో అబద్ధం ఏముందని ఆయనకు? నిజమే కదా రాశారు.

దసరాకు ముందే కాగితం వచ్చింది. కౌలుదారుగా తేల్చారు, హక్కు లేదన్నారు. ఒక వకీలును పట్టుకుని పై ఆఫీసుకు అప్పీలు వేశాం. ఆయన మొదటి రోజే గట్టిగా చెప్పాడు: "పెద్దాయనా, ఏమైనా గానీ, ఇక ఆ ఇంటికి ఒక్క గింజ గూడ పోవద్దు." నాయిన తలూపాడు. దరఖాస్తు పెట్టినప్పుడే, తేలేదాకా ఎవరూ చెలకలో దిగొద్దని ఆఫీసువాళ్లు చెప్పారు, ఆ యేడు అది బీడే పడి ఉంది. ఎవరి చెలకలోనో పల్లి పీకుడుకు పోయాడు మా నాయిన. పల్లి పీకితే మా దిక్కు కూలి కింద కాయే ఇస్తారు.

అప్పుడు వచ్చింది దొరసాని కబురు. ఆమెకు అప్పటికే మతి నిలకడ తప్పింది. భూమి రెండోసారి అమ్ముడుపోయిందనీ, కొడుకుతో మాకు కేసు నడుస్తోందనీ ఆమెకు తెలియదు. పనిమనిషిని పంపింది: "గీ యేడు పల్లికాయ తేలేదేంది? మంచిగుండా?" అని.

తెల్లారి పొద్దున చూస్తే, నాయిన కూలికి వచ్చిన కాయ కడిగి గంపకెత్తుతున్నాడు.

"సిగ్గుందా నాయినా నీకు?" అన్నాను. కన్నతండ్రిని అన్నాను ఆ మాట. "కొడుకు మన నోట్లె మన్ను గొడితే తల్లికి గంప మోస్తవా? వకీలు ఏం చెప్పిండు నీకు?"

"మాట ఆమెకిచ్చిన బిడ్డా, కొడుక్కు గాదు," అన్నాడు. "ముసలామె. రేపోమాపో వోతది. ఆమె నోటికాడ ఎందుకు తప్పాలె నేను?"

అమ్మ లేచి లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పడుకుంది. నాయిన గంప తలకెత్తుకున్నాడు. ఆ రోజు నేను ఆ గంప లాగి పడేయాల్సింది. పడేయలేదు. బడికి టైమవుతోందని పోయాను.

అక్కడ చిన్న పటేలు ఎంతో మంచిగా మాట్లాడాడట. దొరసాని కాయ తిని మంచిగున్నయందట. "నిలవడు కాకా, ఫోటో దించుత. గంప జర ముందలికి వట్టు. నవ్వు," అని కొత్త సెల్‌ఫోన్ తీశాడట. సాయంత్రం ఈ సంగతి చెప్తున్నప్పుడు నాయిన ముఖంలో సంతోషమే ఉంది. ఇక కేసులో కూడా మెత్తబడ్డాడేమో అనుకున్నాడు పాపం.

డిసెంబరులో అప్పీలు వాయిదా వచ్చింది. సరిగ్గా ముందురోజే ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, రాష్ట్రం ఇస్తున్నామని. మేం బస్సు దిగేసరికి పై ఆఫీసున్న ఆ ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. డప్పులు, పటాకులు, ఎవరు కనిపిస్తే వాళ్ల ముఖాన గులాల్. నాయినకు పూశారు, నాకూ పూశారు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి నాకు. ఎన్నేళ్లు పాడాను దాని కోసం! గులాబీ ముఖాలతోనే ఆఫీసు మెట్లెక్కాం.

చిన్న పటేలు రాలేదు, ఆయన వకీలు వచ్చాడు. ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. మా నాయిన, అరుగు ముందు, రెండు చేతులా గంప పట్టుకుని, నిండుగా నవ్వుతున్నాడు. ఈ సంవత్సరం కౌలు ముట్టజెప్పుతుండగా తీసిన ఫోటో అని చెప్పాడు.

"సార్, గీ యేడు ఆ చెలుక బీడే ఉంది!" అన్నాను నేను.

"ఫోటోలో చెలక కనపడదు కదమ్మా," అన్నాడు ఆ వకీలు మెల్లగా. అధికారి ఫోటోను నాయిన ముందుకు జరిపాడు.

"ఇది నువ్వేనా?"

"నేనే సార్."

"ఇచ్చింది ఎవరికి?"

"దొరసానికి సార్."

మా వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే కూర్చున్నాడు, లేవలేదు.

బయటికొస్తే ఊరేగింపు సరిగ్గా ఆ వీధిలోకే వచ్చింది. ముందు జీపు మీద మైకు పట్టుకుని చిన్న పటేలు. ఈ నేల మనది అంటున్నాడు. నాయినను చూసి జీపు దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి కావలించుకున్నాడు. "వచ్చింది కాకా, రాష్ట్రం వచ్చింది!" అన్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు, నటన కాదు, అదే నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాయిన ఆ కౌగిలిలోనే రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పటేలా, మొదటి రోజన్నవు గద," అన్నాడు.

డప్పుల మోతలో చిన్న పటేలుకు వినపడలేదో, వినపడిందో. ఇంకో పిడికెడు గులాల్ నాయిన నెత్తిన పోసి జీపెక్కాడు.

రెండు వారాలకు ఢిల్లీ మాట వెనక్కి పోయింది. అప్పీలు కొట్టేశారన్న కాగితమూ ఆ చలికాలంలోనే వచ్చింది. ఆ ఆర్డరు నకలు కోసం దరఖాస్తు పెడితే దాంతోపాటు ఫోటో నకలు కూడా కుట్టి, మీద ముద్ర వేసి ఇచ్చారు. నాయిన దాన్ని వెలుగు దిక్కు తిప్పుకుని చూశాడు. "గంప నిండుగ వడ్డది," అన్నాడు. చింపేద్దామనుకున్నాను. అమ్మ నా చేతిలోంచి తీసుకుని, పెళ్లిచీర మడతలో పెట్టి, పెట్టె మూత వేసింది. ఆ మూడెకరాలతో మాకేదో సంబంధం ఉండిందని చెప్పే కాగితం మా ఇంట్లో అదొక్కటే.